ఈగలు కట్టడం నేర్చుకున్న ఏడాది

మేము సిడ్నీ శివార్లలో బ్లాక్‌టౌన్‌లో దిగిన కొత్తలో మా ఆయన ఇంట్లో కంటే రైల్లోనే ఎక్కువసేపు ఉండేవాడేమో అనిపించేది. సిటీలో ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో ఆయన పని. ఎప్పటివో పాత ప్రోగ్రాములు తెరిచి, సంవత్సరాన్ని రెండంకెల్లో రాసిన చోటల్లా నాలుగంకెలు చేస్తూ పోవాలి. పొద్దున్నే చీకటుండగా వెళ్ళి దీపాలు పెట్టాక వచ్చేవాడు. శనివారాలు కూడా టెస్టింగ్ అనేవాడు. నేను బీఎస్సీ చదివి, నరసాపురంలో ఏడాదిపాటు కంప్యూటర్ కోర్సు చేసి వచ్చినదాన్ని. దరఖాస్తులు పంపుతూ, వంట చేస్తూ, కిటికీలోంచి వీధి చూస్తూ ఉండేదాన్ని. వీధిలో చూడ్డానికి ఏమీ ఉండేది కాదు. మనుషులు కార్లలోంచి దిగి ఇళ్ళలోకి పోయేవాళ్ళు, ఇళ్ళలోంచి వచ్చి కార్లలో కూర్చునేవాళ్ళు.

మా పక్కింట్లో ఒకావిడ ఒక్కతే ఉండేది. డెబ్బై దాటి ఉంటాయి. పొట్టి జుట్టు, మగవాళ్ళ చొక్కా, రబ్బరు బూట్లు. ఒకరోజు ఆవిడ కుడిచేతికి మోచేతి దాకా పిండికట్టు వేసుకుని, ఎడం చేత్తో చెత్తడబ్బా రోడ్డు మీదికి లాగలేక అవస్థ పడుతోంది. నేను పరుగెత్తి వెళ్ళి లాగిపెట్టాను.

"థాంక్యూ, లవ్," అంది.

నన్ను అలా పిలిచిన మొదటి మనిషి ఆవిడే. మా ఆయన కూడా ఎప్పుడూ పిలవలేదు. నేను సిగ్గుతో నవ్వి, ఖాళీ డబ్బాని మళ్ళీ లోపలికి కూడా నేనే తెచ్చి పెడతానన్నాను. మధ్యాహ్నం అన్న మాట ప్రకారం డబ్బా తోసుకుంటూ ఆవిడ గరాజ్ దాకా వెళ్ళి అక్కడే ఆగిపోయాను.

గరాజ్‌లో కారు లేదు. పొడుగాటి బల్ల ఉంది. బల్ల మీద రంగురంగుల ఈకలు, కుందేలు బొచ్చు, ఏదో జంతువు తోక, సూదులు, నల్లదారం, ఎర్రదారం. గోడకి మేకు కొట్టి, ఎండిన కోడి మెడ తోలు ఈకలతో సహా వేలాడదీసి ఉంది. మా వైపు అలాంటి సామాను ఒక్కచోట కనిపిస్తే ఎవరో ఎవరికో చేతబడి చేస్తున్నారనే అర్థం. నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

"భయపడకు," అంది ఆవిడ. "నేను ఫ్లైస్ కడతాను."

"ఈగల్నా?"

నా మొహం చూసి ఆవిడ పగలబడి నవ్వింది. ఆ నవ్వుకి చేతి నొప్పి పుట్టి 'అబ్బా' అని కూడా అంది. తర్వాత ఒక చిన్న డబ్బా తెరిచి చూపించింది. వరసగా పురుగులు. కాదు, ఈకలు, దారం, బొచ్చు కలిపి గాలపు కొక్కానికి చుట్టి చేసిన దొంగ పురుగులు. నదిలో చేప వాటిని నిజం పురుగులనుకుని నోట్లో వేసుకుంటుందట. ఎర కోసం వానపాములు తవ్వక్కర్లేదు, ఎవర్నీ చంపక్కర్లేదు. పట్టిన చేపని కూడా చాలామటుకు మళ్ళీ నీళ్ళలోకే వదిలేస్తారట.

"వదిలేస్తారా? ఎందుకు?" అన్నాను. మాది గోదావరి ఒడ్డు. చేపని వదిలేసిన మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు.

"మళ్ళీ పట్టుకోడానికి," అంది.

ఆంటీ అని పిలవడం ఆరోజే మొదలుపెట్టాను. "నేను నీకు ఆంటీ ఎలా అయ్యాను?" అని మొదట్లో అడిగేది. తర్వాత ఫోన్‌లో కూడా "నేను, మీ ఆంటీని" అనడం మొదలుపెట్టింది.

ఆంటీ పుట్టింది కెనడాలో. చిన్నప్పుడు వాళ్ళ నాన్నతో కలిసి పడవలో కూర్చుని చెరువుల్లో స్మాల్‌మౌత్ అనే చేపలు పట్టేదట. చిన్న నోరు, పెద్ద పౌరుషం అనేది దాని గురించి. నర్సు ఉద్యోగం వచ్చి పడమటి తీరానికి వెళ్ళాక స్టీల్‌హెడ్ అనే ఇంకో చేప పిచ్చి పట్టుకుంది. అక్కడే ఒక ఆస్ట్రేలియా అతను పరిచయమై, పెళ్ళయి, ఇక్కడికి వచ్చేసింది. ఆయన పోయి అప్పటికి చాలా ఏళ్ళు. చేపలు పట్టే స్నేహితుల గుంపు ఒకటుండేది. ప్రతి ఏడాదీ చలి మొదలయ్యే రోజుల్లో అందరూ కొండల్లోకి వెళ్ళేవారు. అందరి ఈగలూ ఆంటీయే కట్టేది. ఈసారి మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంది.

"కొనుక్కుంటారులే వాళ్ళు," అంటూనే ఎడం చేత్తో దారం చుట్టబోయింది. దారం తెగింది. ఇంకోసారి చుట్టింది. ఈక జారి కింద పడింది. పళ్ళ మధ్య ఒక మాట అంది. ఆ మాటకి అర్థం నాకు తర్వాతెప్పుడో తెలిసింది.

"నేను ఒకసారి చూడనా ఆంటీ?" అన్నాను.

మా అమ్మ, మేనత్తలు, వీధిలో ఆడవాళ్ళందరూ లేసు అల్లేవాళ్ళు. మధ్యాహ్నం అన్నాలయ్యాక అరుగుల మీద కూర్చుంటే సూదులు కదలడం తప్ప చప్పుడుండేది కాదు. ఎనిమిదో ఏట నా చేతికి సూది ఇచ్చారు. దారం ఎంత బిగించాలో, ఎక్కడ వదలాలో కళ్ళు చూడకుండానే వేళ్ళకి తెలిసిపోతుంది. బడి, కాలేజీ, కంప్యూటర్ కోర్సు అన్నీ దాటి ఇక్కడిదాకా వచ్చినా ఆ వేళ్ళు నాతోనే వచ్చాయి. ఆంటీ బల్లకి బిగించిన పట్టకారు లాంటి చిన్న వైస్‌లో కొక్కాన్ని పెట్టి, ఆవిడ చెప్పినట్టు దారం చుట్టి, ఈక పొదిగి, ముడి వేశాను. ఆవిడ కళ్ళజోడు ముక్కు మీదికి దించి చూసింది.

"ఇది ఎక్కడ నేర్చుకున్నావు?"

"ఇంటి అరుగు మీద," అన్నాను. ఆవిడకేం అర్థమైందో తెలీదు.

రెండు మూడు రోజులు పొంగిపోయాను. నా ఈగలు ఎంత ముచ్చటగా ఉండేవంటే, బయటికి పొడుచుకొచ్చిన ఒక్క పోగు ఉండేది కాదు. అన్నీ ఒకే కొలత, ఒకే బిగువు. మా ఆయనకి చూపిస్తే "బ్రోచ్ లాగా పెట్టుకోవచ్చు" అన్నాడు. ఆంటీ మాత్రం నన్ను బట్టలుతికే గదిలోకి తీసుకెళ్ళింది. తొట్టి నిండా నీళ్ళు పట్టింది. తను ఎప్పుడో కట్టిన పాత ఈగ ఒకటి దారానికి కట్టి నీళ్ళలో వేసి మెల్లిగా లాగింది. తోక ఈకలు ముడుచుకున్నాయి, విచ్చుకున్నాయి, మళ్ళీ ముడుచుకున్నాయి. ప్రాణం ఉన్నట్టే ఉంది. తర్వాత నాది వేసింది. అది నీళ్ళలో కూడా బల్ల మీద ఉన్నట్టే ఉంది. చచ్చిన పురుగుకి పట్టుచీర కట్టి పడుకోబెట్టినట్టుంది.

"నీది చాలా అందంగా ఉంది, లవ్," అంది ఆంటీ. "కానీ నాకూ నీకూ నచ్చి ఏం లాభం? దీన్ని కొనేది చేప."

నాకు కోపం వచ్చింది. ఇంటికొచ్చి గిన్నెలు గట్టిగా తోమాను. లేసులో వదులు అంటే తప్పు. వదులుగా అల్లిన దాన్ని మా అమ్మ నిర్దాక్షిణ్యంగా లాగి విప్పేసేది. పదిహేనేళ్ళు బిగించడం నేర్చుకున్న వేళ్ళకి వదలడం నేర్పాలంటే ఎలా? అయినా మర్నాడు మళ్ళీ వెళ్ళాను. ఇంట్లో ఉండి చేసేదేముంది? కొన్నాళ్ళు చిందరవందరగా కట్టాను, అవి ఊడిపోయాయి. దారం మొదట్లో గట్టిగా, ఈక దగ్గర మాత్రం మెత్తగా పట్టాలని, తోకని కత్తెరతో కాకుండా గోళ్ళతో తుంచాలని వేళ్ళకే మెల్లిగా తెలిసింది. ఒకరోజు తొట్టిలో నా ఈగ తోక విప్పుకుంటే, ఆంటీ పిండికట్టు చేత్తో నా వీపు మీద చరిచింది. బాగా నొప్పి పుట్టింది. ఎంత సంతోషించానో చెప్పలేను.

ఈకలు అయిపోవస్తే ఆంటీ స్నేహితుడు ఒకాయన వచ్చాడు. రైలు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి, ఆరడుగుల పైన. మాట తక్కువ. నేను ఆయన్ని అంకుల్ అంటే, ఎవరిని పిలిచారా అన్నట్టు వెనక్కి తిరిగి చూశాడు. తన పాత వ్యానులో మా ఇద్దర్నీ కెల్లీవిల్ వైపు తీసుకెళ్ళాడు. అప్పట్లో అక్కడ ఒక పక్క కొత్త ఇళ్ళు లేస్తున్నాయి, ఒక పక్క ఇంకా కోళ్ళఫారాలు ఉన్నాయి. అలాంటి ఒక ఫారంలో ముసలాయన సరదాకి పెంచుకునే పుంజులున్నాయి. స్థలం అమ్మేస్తున్నాడు కాబట్టి, దాచుకున్న మెడ తోళ్ళు ఇచ్చేస్తానన్నాడట.

ఆ పుంజుల్ని చూడగానే నాకు మా తాతయ్య పెరడు గుర్తొచ్చింది. ఆంటీ ఒక్కోదాన్నీ చూపించి ఈక రంగు పేరు ఇంగ్లీషులో చెబుతుంటే, నేను ఆపుకోలేక మా పేర్లు చెప్పాను. ఒళ్ళంతా నల్లనిది కాకి. ఎర్రనిది డేగ. తెల్లనిది సేతువ. మెడ మీద నలుపూ తెలుపూ కలిసి పొడలున్నది పర్ల.

"అన్నిటికీ పేర్లున్నాయా మీకు?" అన్నాడు అంకుల్. ఆరోజు ఆయన మాట్లాడిన పొడుగాటి వాక్యం అదే.

"మా తాతయ్యకి మనవల పేర్లు తప్పేవి కానీ పుంజుల పేర్లు తప్పేవి కావు," అన్నాను.

అప్పట్నుంచి ఆంటీ డబ్బాల మీద కాకి, డేగ, పర్ల అని ఇంగ్లీషు అక్షరాల్లో చీటీలు అతికించింది. పర్లని 'పార్లర్' అని పలికేది.

కొండల్లోకి వెళ్ళే రోజు దగ్గర పడింది. ఆంటీ పిండికట్టు తీసేశారు కానీ చెయ్యి ఇంకా బిగుసుకునే ఉంది.

"నువ్వూ రా," అంది. "నువ్వు కట్టినవి నీళ్ళలో ఏం చేస్తాయో చూడొద్దా?"

ఆ సాయంత్రం మా ఆయన భోజనం చేస్తుంటే మెల్లిగా చెప్పాను.

"చేపలు పట్టడానికా? నువ్వా?" అన్నాడు.

"మీరూ రండి. ఒక్క వీకెండ్ కదా."

"నాకెక్కడ కుదుర్తుందే, ఈ రిలీజ్ అయ్యేదాకా ఊపిరాడదు." కాసేపు ముద్దలు కలిపాడు. "ఎంతమంది వెళ్తున్నారు?"

"ఆంటీ, అంకుల్, ఇంకో ఇద్దరు ముసలాళ్ళు. అందరిలో చిన్నవాళ్ళకి అరవై రెండు."

ఆయన నవ్వాడు. "సరే వెళ్ళు. కానీ పట్టిన చేప వదిలేసొచ్చావని మాత్రం నాకు చెప్పకు. తట్టుకోలేను."

మా అమ్మకి ఫోన్‌లో చెబితే, "మన ఇళ్ళలో ఎవరైనా గాలం పట్టుకున్నారంటే, అందులో ఆడపిల్ల..." అని ఆగి, "చలికి స్వెట్టరు లోపల ఇంకో స్వెట్టరు వేసుకో," అంది. ఆ మాటతో అనుమతి ఇచ్చినట్టే.

చింతపండు కొనడానికి ఇండియన్ గ్రోసరీకి వెళ్ళాను. కొట్టాయన హైదరాబాదీ, కౌంటర్ మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"ఇంత చింతపండు ఎందుకమ్మా, దావత్ ఉన్నదా?" అన్నాడు.

"చేపలు పట్టడానికి వెళ్తున్నామండీ. పడితే పులుసు పెడదామని."

"పడకపోతే?"

"పడకపోతే చారు."

ఆయనకి నవ్వొచ్చి ఒక కరివేపాకు రెబ్బల కట్ట ఉత్తినే ఇచ్చాడు. "పడితే నాక్కూడ ఒక ముక్క తీస్కరా చెల్లె," అన్నాడు.

అంకుల్ వ్యానులో పొద్దున బయల్దేరితే సాయంత్రానికి కొండలు. నా జన్మలో అంత చలి ఎరగను. గడ్డి మీద మంచు గట్టిపడి నడిస్తే కరకరలాడేది. నది అంటే నేను మా గోదావరి లాంటిదేదో ఊహించుకున్నాను. ఇది మా ఊరి పంటకాలువంత కూడా లేదు. కానీ నీళ్ళు అద్దంలా ఉండి, అడుగున రాళ్ళన్నీ కనిపించేవి. కింద పెద్ద సరస్సు ఉంది. అందులో పెరిగిన ట్రౌట్ చేపలు గుడ్లు పెట్టడానికి ఈ కాలంలో నదిలోకి ఎదురెక్కి వస్తాయట.

ఆంటీ ఒడ్డున మడతకుర్చీ వేసుకుని కూర్చుంది. చెయ్యి ఊపి గాలం విసరడానికి డాక్టరు ఇంకా ఒప్పుకోలేదు. థర్మాస్‌లోంచి టీ పోసిచ్చి, స్టీల్‌హెడ్ గురించి అప్పుడు చెప్పింది. అదీ ట్రౌట్ జాతేనట. నదిలో పుట్టి, సముద్రానికి పోయి, అక్కడ పెద్దదై, మళ్ళీ అదే నదికి ఎదురెక్కి వస్తుందట. ఈ నదికి తను ప్రతి ఏడాదీ రావడానికి కారణం అదేనంది. సముద్రం లేకపోయినా, ఎదురెక్కే చేపని చూస్తే తనకి చాలు.

"మాకూ ఒకటుంది ఆంటీ," అన్నాను. "పులస. గోదావరికి ఎర్రనీరు తగలగానే సముద్రంలోంచి ఎదురీదుకుంటూ వస్తుంది. ఎంత పైకొస్తే అంత రుచి అంటారు."

ఆంటీ కుర్చీలో ముందుకి వంగింది. "దానికి ఏ ఈగ కడతారు?"

"ఏదీ కట్టరు. వలేస్తారు. మేం వండుకుని తింటాం."

"వదిలెయ్యరా?"

"పులసనా?" అన్నాను. నా గొంతులో ధ్వని విని ఆవిడ ఇంక ఆ విషయం ఎత్తలేదు.

విసరడం నాకు రాలేదు. దారం చెట్టుకి తగులుకుంది, నా టోపీకి తగులుకుంది, అంకుల్ చొక్కాకి తగులుకుంది. ఆయన కొక్కెం విడదీసుకుని నా వెనక నిలబడి, నా మోచెయ్యి పట్టుకుని, దూరం వద్దు, ఆ రాయి పక్కన వెయ్యి చాలని చూపించాడు. మొదటిరోజు ఒక్కటీ పడలేదు. మిగతావాళ్ళకి పడ్డాయి. నేను కట్టినవాటికే పడ్డాయి. ఎవరికి చేప తగిలినా దూరం నుంచే "పార్లర్!" అనో "కాకీ!" అనో అరిచి ఆంటీకి చెప్పేవారు. కొండల మధ్య ఆ ముసలాళ్ళ నోట మా తాతయ్య పుంజుల పేర్లు వింటుంటే, నాకు చేప పడకపోయినా లోటు అనిపించలేదు.

రెండోరోజు పొద్దున నా గాలానికి నారింజ రంగు ఉన్ని ముద్ద కట్టుకున్నాను. చేపగుడ్డు లాగా ఉండాలని కట్టిందే కానీ, నేను కట్టినవాటన్నిటిలోకీ అనాకారిది అది. రాయి పక్కనుంచి కొట్టుకుపోతుంటే దారం ఉన్నట్టుండి ఆగింది. రాయికి తట్టుకుందనుకున్నాను. రాయి కదిలింది.

"ఎత్తు!" అని అరిచింది ఆంటీ. ఎత్తాను. ఆ బలం నా మోచేతుల దాకా వచ్చింది. చేప పైకి లేచి, వెండి రంగులో ఒకసారి మెరిసి, నీళ్ళలో పడి కిందికి పరుగు తీసింది. ఆంటీ కుర్చీ వదిలేసి మోకాళ్ళ లోతు నీళ్ళలోకి వచ్చేసింది. "వదులు, వదులు, దారం ఇవ్వు, ఇప్పుడు చుట్టు," అంటూ నా చెవిలో అరుస్తూనే ఉంది. ఎంతసేపటికో అది ఒడ్డుకొచ్చింది. వైపులా గులాబీ రంగు చార.

"చేతులు తడుపుకుని పట్టుకో. పొడిచేతులు దానికి మంట," అంది ఆంటీ.

పట్టుకున్నాను. చన్నీళ్ళలో నా చేతుల మధ్య దాని మొప్పలు కదులుతున్నాయి. తీసుకెళ్ళొచ్చు, నియమం ప్రకారం తప్పేం లేదు, నీ ఇష్టం అన్నారు అందరూ. కడుపు నిండా గుడ్లున్నాయి. ఇంత దూరం ఎదురీదుకుని వచ్చింది. నేను చేతులు వదులు చేశాను. అది వెంటనే పోలేదు. కాసేపు నా వేళ్ళ దగ్గరే ఊగి, తర్వాత ఒక్క తోకదెబ్బతో వెళ్ళిపోయింది. నేను ఏడుస్తున్నానని ఆంటీ చెప్పేదాకా నాకు తెలీదు. బాధ కాదది. ఏమిటో చెప్పలేను.

పులుసుకి మాత్రం అంకుల్ ఒక మగ చేపని పట్టుకొచ్చాడు. క్యాబిన్‌లో చిన్న స్టవ్ మీద చింతపండు పిండి, ఉల్లిపాయ వేయించి, కరివేపాకు వేసి పెట్టాను. వాళ్ళు దాన్ని బ్రెడ్డుతో అద్దుకుని తిన్నారు. ఒకాయనకి కారం ఎక్కి కళ్ళు ఎర్రబడ్డాయి. చెమట తుడుచుకుని, మళ్ళీ గిన్నె చాపాడు. అంకుల్ గిన్నె అడుగు గీకి, ఆఖరి ముక్క బ్రెడ్డుతో తుడిచి తిని, "ఇంకో చేప పట్టాల్సింది," అన్నాడు.

ఇంటికొచ్చి మా ఆయనకి నిజమే చెప్పాను. ఆయన నెత్తి కొట్టుకున్నాడు. కానీ మర్నాడు ఆఫీసులో అందరికీ "మా ఆవిడ ఇంత చేప పట్టింది" అని చెప్పుకున్నాడట. ఆయన చూపించిన కొలత విని నేనే సిగ్గుపడ్డాను.

రెండువేల సంవత్సరం రానే వచ్చింది. ప్రపంచం అంతం కాలేదు, కంప్యూటర్లు పేలలేదు. మా ఆయన ఒక వారం సెలవు పెట్టి నిద్రపోయాడు. నాకు ఒక చిన్న కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం దొరికింది. గురువారం సాయంత్రాలు మాత్రం ఆంటీ గరాజ్ మానలేదు. ఆవిడ చెయ్యి బాగుపడ్డాక బల్ల మీద రెండు వైస్‌లు ఎదురెదురుగా బిగించింది. ఒకటి నాది.

ఇక్కడ ఎండాకాలం కొత్త సంవత్సరంతో పాటే. ఆ ఎండాకాలంలోనే నన్ను బ్యాస్ చేపల దగ్గరికి తీసుకెళ్ళింది. సిడ్నీకి పడమట, పొదలు నీళ్ళ మీదికి వంగి ఉండే నది. చిన్న అల్యూమినియం పడవ. కీచురాళ్ళు చెవులు గింగిరాలెత్తేలా అరుస్తున్నాయి. కొమ్మల మీంచి జారి నీళ్ళలో పడ్డ కీచురాయి కోసం బ్యాస్ కింద కాచుకుని ఉంటుంది. మేం నల్ల స్పాంజితో కీచురాళ్ళు కట్టుకుని వెళ్ళాం. ఈ చేపని చూస్తే తన చిన్ననాటి స్మాల్‌మౌత్‌ని చూసినట్టే ఉంటుందంది ఆంటీ. వాళ్ళ నాన్న పడవలో ఈలపాట పాడేవాడని, చేపలు బెదురుతాయని తను కోప్పడేదని చెప్పింది. చెబుతూ చెబుతూ, టోపీ మొహం మీదికి లాక్కుని నిద్రపోయింది.

నేను తెడ్డు ఎత్తి లోపల పెట్టాను. పడవ తనంతట తను నీడలోకి జరిగింది. కొమ్మ కింద కీచురాయిని మెల్లిగా వేశాను. నీళ్ళ మీద చిన్న చప్పుడు. ఇంతలో బుడుంగుమని గుంట పడింది, దారం బిగిసింది. చప్పుడు చేయకుండా లాక్కొచ్చి, చేతులు తడుపుకుని, బంగారు రంగు వీపున్న ఆ చేపని ఒక్కసారి చూసుకుని, పడవ పక్కనుంచి వదిలేశాను. ఆంటీ కదల్లేదు.

లేచాక చెప్పాను.

"ఎంత ఉంటుంది?" అంది.

చేతులు చాపి చూపించాను. ఆవిడ ఆ చేతుల మధ్య దూరాన్ని పరీక్షగా చూసి, "నేను నిద్రపోతుంటేనే పడిందా? అంత చేప?" అంది.

"నిజం ఆంటీ. ఒట్టు."

"అందరూ అలాగే అంటారు, లవ్," అని, శాండ్‌విచ్ సగం తుంచి నా చేతిలో పెట్టింది. నేను తింటూ తెడ్డు అందుకున్నాను. సాయంత్రం దాకా ఇంకా బోలెడు వెలుతురుంది.